పింఛను అడిగితే స్వేచ్ఛను వదులుకున్నట్టా?

ప్రశ్న: నేను పొలిటికల్ సైన్స్ ఎం.ఏ. విద్యార్థినిని. వాక్‌స్వాతంత్ర్యం, వ్యక్తిగత హక్కులు, చట్టబద్ధ పాలన, వీటి విషయంలో నేను ఉదారవాదినే. అలాగే ముసలితనంలో పింఛను, జబ్బు చేస్తే ప్రభుత్వ వైద్యం ప్రతి మనిషికీ ఉండాలని కూడా నమ్ముతాను. ఈ రెండూ ఒక ఒరలో ఇమడవంటాడు మా అన్నయ్య. "ఉదారవాదం అంటేనే ప్రభుత్వం పక్కకు తప్పుకోవడం. నయా ఉదారవాదులు చేసింది పాత ఉదారవాదాన్ని తిరిగి నిలబెట్టడమే. నువ్వు అటో ఇటో తేల్చుకో" అని రోజూ పోరు. మా సీనియర్ ఒకావిడ వామపక్షం మనిషి. ఆవిడా చివరికి అక్కడికే వస్తుంది: "ఉదారవాదానికి అసలు ముఖం నయా ఉదారవాదమే. ఆ స్వేచ్ఛ కబుర్లు కట్టిపెట్టి సంక్షేమం వైపు రా." ఇద్దరి ముందూ నాకు నోరు పెగలడం లేదు. నా ఆలోచనలో నిజంగానే పొంతన లేదంటారా?

జవాబు: పొంతన ఉంది. ముందు ఆ బెంగ వదిలేయండి. మీ అన్నయ్యా, మీ సీనియరూ బద్ధ విరోధుల్లా కనిపిస్తున్నారు గానీ ఇద్దరిదీ ఒకటే నమ్మకం. ఉదారవాదమూ నయా ఉదారవాదమూ ఒకటేననీ, దాని సారమంతా ప్రభుత్వం తప్పుకోవడమేననీ ఇద్దరూ అనుకుంటున్నారు. ఒకరికి అది ముద్దు, ఒకరికి చేదు, అంతే తేడా. ఆ భావాలు ఎక్కడ పుట్టి ఎలా పెరిగాయో చూస్తే ఆ రెండు నమ్మకాలూ నిలవవు.

మీ అన్నయ్య మాటే ముందు పరీక్షిద్దాం. 1938 ఆగస్టులో పారిస్‌లో ఒక చిన్న సదస్సు జరిగింది. అమెరికన్ పత్రికా రచయిత వాల్టర్ లిప్‌మన్ పుస్తకం మీద చర్చ అన్న పేరుతో ఫ్రెంచ్ తత్త్వవేత్త లూయీ రూజియే దాన్ని ఏర్పాటు చేశాడు. హాయక్, మీజెస్, రూస్టో, రోప్కే లాంటి ఆర్థిక చింతకులు వచ్చారు. నయా ఉదారవాదం అన్న పేరును ఒక ఉమ్మడి కార్యక్రమానికి పెట్టుకోవాలని ఆలోచించింది అక్కడే. మహా మాంద్యం అప్పటికింకా జనం జ్ఞాపకంలో పచ్చిగానే ఉంది. ఒకపక్క ఫాసిజం, ఇంకోపక్క సోవియట్ ప్రణాళికలు. పాత ఉదారవాదాన్ని పొగుడుకునే తీరిక వాళ్లకు లేదు. అది ఎందుకు కుప్పకూలిందన్నదే వాళ్ల చర్చ. మీజెస్ లాంటి కొందరు చివరిదాకా పాత పాటే పాడారు గానీ, మార్కెట్‌ను దాని మానాన వదిలేస్తే సరిపోదనీ, పోటీ నిలవాలంటే రాజ్యం పూనుకొని చట్టాలతో దానికో చట్రం కట్టాలనీ చాలామంది ఒప్పుకున్నారు.

ఆ తర్వాత 1944లో హాయక్ రాసిన 'ది రోడ్ టు సెర్ఫ్‌డమ్' మీ అన్నయ్య అరలో ఉండే ఉంటుంది. ప్రభుత్వం వేలు పెట్టకూడదన్న ముతక సూత్రాన్ని మొండిగా పట్టుకు వేలాడిన ఉదారవాదులు ఉదారవాదానికి చేసినంత చెరుపు ఇంకెవరూ చేయలేదని అందులోనే ఉంది. అంతేకాదు, ఓ మోస్తరు సంపద ఉన్న సమాజం ప్రతి మనిషికీ తిండికి, బట్టకు, నీడకు కనీస భరోసా ఇవ్వకపోవడానికి కారణమేమీ లేదంటాడు. జబ్బు, ప్రమాదం లాంటి వాటికి సామాజిక బీమా ఏర్పాటులో రాజ్యం సాయపడటానికి ఆయన అడ్డు చెప్పలేదు. అమెరికన్ ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1962లో 'రుణాత్మక ఆదాయ పన్ను' ప్రతిపాదించాడు. ఆదాయం ఒక గీత కిందికి పడిపోతే పన్ను వసూలు చేసే ప్రభుత్వమే ఎదురు డబ్బు ఇవ్వాలన్నమాట. వీళ్లిద్దరినీ పక్కన పెట్టి నయా ఉదారవాదం గురించి మాట్లాడటం కుదరదు కదా.

కనీస భరోసా ఉండాలని ఒప్పుకున్నాక, ఇక మిగిలేది గీత ఎక్కడ గీయాలన్న తగువే. ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. మాంద్యంలో ప్రభుత్వమే ఖర్చు పెంచాలని వాదించిన బ్రిటిష్ ఆర్థికవేత్త కీన్స్, 1944లోనే బ్రెటన్‌వుడ్స్ ద్రవ్య సదస్సుకు వెళుతూ హాయక్ పుస్తకం చదివి, ఆయనకు ఒక ఉత్తరం రాశాడు. నీతి దృష్టితో చూస్తే నీతో దాదాపు పూర్తిగా ఏకీభవిస్తానంటూనే, గీత గీయక తప్పదని నువ్వే ఒప్పుకుంటావు, దాన్ని ఎక్కడ గీయాలో మాత్రం చెప్పవు అని పట్టుకున్నాడు. ఎనభై ఏళ్లు దాటినా ఆ ఉత్తరానికి పూర్తి జవాబు ఎవరూ ఇచ్చినట్టు నాకు కనిపించదు. మీ అన్నయ్యను ఒకసారి ప్రయత్నించమనండి.

ఇక సంక్షేమ రాజ్యం ఎవరి బిడ్డ అన్న సంగతి. దాని పుట్టుకలో ఉదారవాదుల చెయ్యి ఉందంటే మీ అన్నయ్య ఎంత ఇబ్బంది పడతాడో, మీ సీనియరూ అంతే ఇబ్బంది పడుతుంది. జర్మనీలో 1883లో అనారోగ్య బీమా, 1884లో ప్రమాద బీమా, 1889లో వృద్ధాప్య పింఛను తెచ్చిన ఛాన్సలర్ బిస్మార్క్ ఉదారవాదీ కాదు, సోషలిస్టు అంతకన్నా కాదు. సోషలిస్టుల సభలనూ పత్రికలనూ 1878లో నిషేధించి, కార్మికుల్ని రాజ్యం వైపు తిప్పుకోవడానికి ఆయన బీమా పట్టుకొచ్చాడు. బ్రిటన్‌లో కథ వేరు. 1908లో వృద్ధాప్య పింఛన్ల చట్టం తెచ్చింది లిబరల్ పార్టీ ప్రభుత్వం. దానికి డబ్బు కావాలని మరుసటి ఏడాది ఆర్థిక మంత్రి లాయిడ్ జార్జ్ ధనవంతుల మీద పన్ను పెంచుతూ బడ్జెట్ పెడితే పార్లమెంటు పై సభ అయిన ప్రభువుల సభ తిప్పికొట్టింది. ఆ తగువు ముదిరి 1911లో ఆ సభ అధికారాలనే కోసేశారు. అదే ఏడాది ఆరోగ్య, నిరుద్యోగ బీమా వచ్చింది. హాబ్‌హౌస్ అనే ఉదారవాది దీనికి సిద్ధాంతం కూడా సమకూర్చాడు. ఆకలితో ఉన్నవాడు యజమానితో కుదుర్చుకునే ఒప్పందం పేరుకే స్వేచ్ఛాయుతమని, బలవంతం రాజ్యం నుంచే కాక పేదరికం నుంచి కూడా వస్తుందని ఆయన వాదన సారాంశం.

1942 డిసెంబరు నివేదికతో బ్రిటన్ సంక్షేమ వ్యవస్థకు నక్షా గీసిన బెవరిడ్జ్ కూడా లిబరలే. తర్వాత కొద్దికాలం ఆ పార్టీ తరఫున పార్లమెంటులో కూర్చున్నాడు. ఇంకో తమాషా చెప్పనా? 1930ల మొదట్లో హాయక్ లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఆచార్యుడిగా చేరినప్పుడు ఆ సంస్థ డైరెక్టరు ఈ బెవరిడ్జే. సంక్షేమ రాజ్యపు నక్షా గీసినవాడూ, దాని పేరుపొందిన విమర్శకుడూ ఒకే కప్పు కింద జీతం తీసుకున్నారు. ఇది అన్నదమ్ముల పంపకాల తగాదా లాంటిది. ఇద్దరికీ ఇంటిపేరు ఒకటే, ఆస్తి పత్రం మాత్రం ఎవరికి వారు వేరే చదువుకుంటారు.

మరి తేడా ఎక్కడుంది? సిద్ధాంతాల్లో వెతికితే పొగమంచులా ఉంటుంది. పింఛను అనే ఒక్క వస్తువు తీసుకుని చూస్తే తేటగా కనిపిస్తుంది.

1908 నాటి బ్రిటిష్ పింఛను ఇలా ఉండేది: 70 ఏళ్లు దాటిన పేదలకు వారానికి 5 షిల్లింగుల దాకా. చందా కట్టక్కర్లేదు, ఖర్చు పన్నుల నుంచి. కానీ ఆదాయ పరీక్ష ఉండేది. దాంతోపాటు, ఒళ్లు వంచి పనిచేసే అలవాటు లేనివాడని తేలితే ఇవ్వకూడదన్న నిబంధనా ఉండేది. బెవరిడ్జ్ ఈ పరీక్షల అవమానాన్ని తీసేయాలనుకున్నాడు. ఆయన పథకంలో అందరూ ఒకే మొత్తం చందా కడతారు, అందరికీ ఒకే మొత్తం పింఛను వస్తుంది. అది బతకడానికి సరిపోవాలి, అంతకుమించి అక్కర్లేదు. పైన ఎవరి పొదుపు వాళ్లది. కనీస భరోసా ఏర్పాటు చేసేటప్పుడు మనిషి సొంత చొరవకు చోటు వదలాలని ఆయన నివేదికలోనే రాశాడు. ఉదారవాది చేతిరాత అక్కడ కనిపిస్తుంది. ముసలితనం అనే కష్టాన్ని దేశమంతా కలిసి పంచుకుంటుంది, అంతకుపైన ఎవరెంత దాచుకుంటారన్నది వాళ్ల వాళ్ల ఇష్టం.

ఇప్పుడు చిలీకి రండి. 1973లో సైన్యం ప్రభుత్వాన్ని కూల్చేసి జనరల్ పినోషే గద్దెనెక్కాక, ఫ్రీడ్‌మన్ పాఠాలు చెప్పిన షికాగో విశ్వవిద్యాలయంలో చదువుకుని వచ్చిన ఆర్థికవేత్తల చేతికి విధానాలు వెళ్లాయి. 1981 నుంచి అమల్లోకి వచ్చిన పింఛను పద్ధతిలో చేరిన ప్రతి ఉద్యోగీ జీతంలో 10 శాతం సొంత ఖాతాలో వేయాలి. ఆ డబ్బును ప్రైవేటు కంపెనీలు మదుపు పెడతాయి. ఖాతాలో పోగైనదాన్ని బట్టే పింఛను. మార్కెట్ పెరిగితే లాభం నీది, పడితే నష్టం నీది. మధ్యలో పని లేని ఏళ్లుంటే, లేదా పిల్లల కోసం ఇంట్లో ఉండిపోతే, ఖాతా అంతమేరకు చిక్కిపోతుంది. సైన్యం మాత్రం తన పాత పింఛను పద్ధతిలోనే ఉండిపోయింది. ఈ చిన్న సంగతిని నేను ఎప్పుడూ మర్చిపోను. అంత మంచి పథకమైతే తుపాకీ చేతిలో ఉన్నవాళ్లు దానికి దూరంగా ఎందుకున్నారో మరి.

ఇక్కడ గమనించాల్సింది, ప్రభుత్వం ఎక్కడికీ తప్పుకోలేదు. 10 శాతం కట్టమని చట్టంతో బలవంతం చేసింది ప్రభుత్వమే. ఏ కంపెనీలు ఉండాలో, డబ్బు ఎందులో పెట్టవచ్చో నిర్ణయించింది ప్రభుత్వమే. పాత పద్ధతిలో కట్టిన చందాలకు బాండ్లు రాసిచ్చిందీ అదే. 2008లో, ఖాతాలో ఏమీ పోగుపడని లక్షల మంది కోసం పన్నుల సొమ్ముతో ఒక ప్రాథమిక పింఛను కలపవలసి వచ్చినప్పుడూ ఆ పని ప్రభుత్వం మీదే పడింది. మారింది రాజ్యం సైజు కాదు, దాని పని. కష్టాన్ని అందరిలో పంచడం మానేసి, ఎవరి కష్టం వాళ్లే మోసుకునే ఏర్పాటును కట్టుదిట్టంగా నడపడం మొదలుపెట్టింది. నయా ఉదారవాదం అంటే ఏమిటని ఎవరైనా నన్ను అడిగితే ఈ ఒక్క ఉదాహరణ చెబుతాను.

పాత ఉదారవాదికి మార్కెట్ అంటే మనుషులు తమంతట తాము చేసుకునే ఇచ్చిపుచ్చుకోవడం. రాజ్యం అడ్డు రాకపోతే చాలు. నయా ఉదారవాదికి మార్కెట్ అంటే పోటీ. అది దానంతటది నిలవదు కనుక రాజ్యమే దాన్ని నిలబెట్టాలి, ఎన్నికల్లో గెలిచిన మెజారిటీలు దాన్ని చెదరగొట్టకుండా కంచె కూడా కట్టాలి. కేంద్ర బ్యాంకును మంత్రుల చేతికి అందకుండా ఉంచడం, బడ్జెట్ లోటుకు చట్టంతో హద్దు పెట్టడం, దేశాల మధ్య వాణిజ్య ఒప్పందాలతో పార్లమెంటుల చేతులు కట్టేయడం ఈ ఆలోచనకు దగ్గరగా ఉండే పనులు. ఇవన్నీ చెడ్డవని నేననడం లేదు. 1970ల్లో ధరలూ నిరుద్యోగమూ ఒకేసారి పెరిగిపోయినప్పుడు కీన్స్ శిష్యుల దగ్గర గట్టి సమాధానం లేకపోయింది. ద్రవ్యోల్బణం పేదవాడి జేబునే ముందు కొడుతుందన్న మాటలో నిజముంది. హాయక్‌కు 1974లో, ఫ్రీడ్‌మన్‌కు 1976లో నోబెల్ రావడం, 1979లో బ్రిటన్‌లో థాచర్, 1980లో అమెరికాలో రేగన్ గెలవడం ఈ వాతావరణంలోనే. ఆ కథ మీ సిలబస్‌లోనే ఉంటుంది, ఇక్కడ మళ్లీ చెప్పను.

ఒకటి మాత్రం చెప్పాలి. వాళ్ల తర్వాత సంక్షేమ రాజ్యం మాయమైపోలేదు. సంపన్న దేశాల్లో సామాజిక వ్యయం సగటున 1980లో జాతీయోత్పత్తిలో 15 శాతం దరిదాపుల్లో ఉంటే, 2019 నాటికి 20 శాతం దగ్గరకు చేరింది. ముసలివాళ్లు పెరిగారు, వైద్యం ఖరీదైంది, ఖర్చు దిగలేదు. షరతులు మారాయి. అమెరికాలో 1935 నుంచి పిల్లలున్న పేద కుటుంబాలకు అందుతున్న సాయాన్ని 1996లో రద్దు చేసి కొత్త పథకం పెట్టారు. పని చేయాలన్న షరతు, ఫెడరల్ నిధుల సాయం మామూలుగా జీవితకాలంలో 5 ఏళ్లకు మించకూడదన్న హద్దు అందులో వచ్చాయి. దాని మీద సంతకం పెట్టింది రేగన్ కాదు, డెమోక్రాట్ అయిన క్లింటన్. సాయం హక్కుగా ఉండటం పోయి, నీ ప్రవర్తన చూసి ఇచ్చేదిగా మారింది. నాకు 1908 చట్టంలోని ఆ 'పని అలవాటు' నిబంధనే మళ్లీ గుర్తొస్తుంది.

మీ సీనియర్ మాటలో నిజం లేదా? ఉంది, బాగానే ఉంది. 1981లో చిలీ పత్రికతో మాట్లాడుతూ హాయక్, ఉదారవాదం లేని ప్రజాస్వామ్యం కన్నా ఉదారవాద ధోరణి ఉన్న నియంతే తనకు మేలన్నాడు. మనుషులు మాయమైపోతున్న దేశంలో కూర్చుని అన్న మాట అది. ఆర్థిక స్వేచ్ఛను అన్నిటికన్నా పైన కూర్చోబెడితే మిగతా స్వేచ్ఛలు ఎంత తేలిగ్గా వాయిదా పడతాయో అక్కడ తెలిసిపోయింది. కానీ దీన్నుంచి ఆవిడ తీసే ముగింపు తప్పు. ఆ మాటను ఖండించాలంటే మీకు కావలసింది వాక్‌స్వాతంత్ర్యం, చట్టబద్ధ పాలన, చిత్రహింస నుంచి రక్షణ. అంటే ఆవిడ వదిలేయమంటున్న ఉదారవాదమే.

ఇంకో కారణం కూడా ఉంది, దీన్ని ఆవిడకు గట్టిగానే చెప్పండి. సంక్షేమ రాజ్యం మంచిదే కావచ్చు గానీ అది సాధువు కాదు. స్వీడన్ కన్నా పేరున్న సంక్షేమ రాజ్యం ఇంకోటి ఉందా? ఆ దేశంలో 1934లో మొదలై 1970ల మధ్య దాకా సాగిన చట్టాల కింద 60 వేలకు పైగా మనుషులకు, ఇక పిల్లలు పుట్టకుండా, శస్త్రచికిత్సలు చేశారు. ఎక్కువ మంది ఆడవాళ్లే. చాలామంది విషయంలో ఒప్పుకోలు కాగితం మీదే, వెనక ఒత్తిడి వేరే. 'బాధ్యత తెలియని' తల్లుల పిల్లలను సమాజం పోషించాలా అన్నది దాని వెనకున్న లెక్కల్లో ఒకటి. నష్టపరిహారం చట్టం 1999లో గానీ రాలేదు. బెవరిడ్జ్ పథకమైనా పెళ్లైన స్త్రీని భర్త చాటు మనిషిగానే లెక్కవేసింది. అప్పట్లోనే స్త్రీవాదులు దాన్ని నిలదీశారు. ఇచ్చే చెయ్యి అదుపు చేసే చెయ్యిగా మారినప్పుడు ఆగు అనడానికి హక్కుల భాష కావాలి. సంక్షేమం కోరేవాళ్లకు ఉదారవాదం అందుకే అవసరం.

మీ మాటకు సిద్ధాంతం కావాలంటే బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త టి.హెచ్. మార్షల్‌ను చదవండి. 1949లో కేంబ్రిడ్జ్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో ఆయన పౌరసత్వాన్ని పొరలు పొరలుగా చూశాడు. పద్దెనిమిదో శతాబ్దంలో పౌర హక్కులు, పందొమ్మిదిలో రాజకీయ హక్కులు, ఇరవైలో సామాజిక హక్కులు. మొదటిదాన్ని వాడుకోవడానికి మూడోది కావాలన్నది నాకు అందులో నచ్చిన విషయం. ఇంగ్లండ్ చరిత్రను చూసి గీసిన బొమ్మ అది, బిస్మార్క్ జర్మనీకి అతకదు. అక్కడ బీమా ముందొచ్చింది, నిజమైన ప్రజాస్వామ్యం తర్వాత. అయినా మీ ప్రశ్నకు పనికొస్తుంది.

మీ అన్నయ్యతో ఈసారి వాదన వస్తే ప్రభుత్వం ఎంత ఉండాలన్న ప్రశ్నలోకి దిగకండి. దిగితే అది ఎప్పటికీ తెగదు. ఏదో ఒక పథకం పేరు చెప్పమని అడగండి. అందులో నష్టం వస్తే ఎవరి మీద పడుతుంది? ఎవరికి రావాలో ఎవరు, ఏ పరీక్ష పెట్టి తేలుస్తారు? నచ్చకపోతే జనం ఓటుతో దాన్ని మార్చగలరా? ఈ మూడూ అడిగితే చాలు, ఆయన ఏ రకం ఉదారవాదో ఆయనే చెప్పేస్తాడు. పనిలో పనిగా, చిలీలో 10 శాతం నిర్బంధ వసూలు ప్రభుత్వం పక్కకు తప్పుకోవడం కిందికి వస్తుందో రాదో కూడా కనుక్కోండి. సీనియర్‌కూ ఇవే ప్రశ్నలు, ఒక చేర్పుతో: పథకం నడిపే అధికారి తప్పు చేస్తే ఆ మనిషి ఎవరి దగ్గరకు వెళ్లాలి?

మీరూ తేల్చుకోవలసింది ఒకటుంది. కాకపోతే అది మీ అన్నయ్య అడిగిన 'అటో ఇటో' కాదు. పింఛను అందరికీ అన్నారు కదా, అందరిలో బాగా డబ్బున్న ముసలివాళ్లు కూడా ఉన్నారా? లేరంటే, ఆదాయ పరీక్ష పెట్టాలి, పరీక్షతో పాటు దాని అవమానమూ, గుమాస్తా పెత్తనమూ వస్తాయి. ఫ్రీడ్‌మన్ ఇష్టపడిన 'అవసరమున్నవారికే సాయం'కి చాలా దగ్గరగా వెళతారు. ఉన్నారంటే, అంత డబ్బు పన్నుల్లో రాబట్టాలి, మధ్యతరగతి కూడా ఎక్కువ కట్టాల్సి ఉంటుంది, ఆ మాట దాచకుండా చెప్పగలగాలి. నా మటుకు నేను రెండోదానికే మొగ్గుతాను. అందరికీ ఇచ్చి, అక్కర్లేనివారి దగ్గర నుంచి ఆదాయ పన్నులో వెనక్కి తీసుకోవడం, గుమ్మం దగ్గర నిలబెట్టి పేదరికం నిరూపించుకోమనడం కన్నా మర్యాదైన పద్ధతి. మీరు మొదటిదాన్ని ఎంచుకున్నా ఉదారవాది కాకుండా పోరు. కానీ ఏదో ఒకటి ఎంచుకుని, దాని ఖర్చు ఎవరి దగ్గర నుంచి వస్తుందో కాగితం మీద పెట్టుకుని, అప్పుడు అన్నయ్య దగ్గరకు వెళ్లండి.